పిలిచేవారు లేని పేరు

ఇంట్లో పిల్లల అట్లాసు ఉంటే హిందూ మహాసముద్రం ఉన్న పుట తీయండి. మాల్దీవుల రాజధాని మాలే మీద వేలు పెట్టి తిన్నగా దక్షిణానికి జరపండి. భూమధ్యరేఖ దాటి, మాల్దీవుల చివరి దిబ్బలు కూడా దాటిన తరువాత మీ వేలికి ఇక నేల తగలదు. మకరరేఖ వస్తుంది, పోతుంది. నావికులు ‘గర్జించే నలభైలు’ అని పేరు పెట్టిన పెనుగాలుల మండలం వస్తుంది, పోతుంది. అంతా నీలిరంగే. ఆరువేల కిలోమీటర్లకు పైగా అలా దిగి, 53వ దక్షిణ అక్షాంశం దగ్గరకు వచ్చేసరికి ఒక చుక్క కనబడుతుంది. చిన్న అట్లాసులలో అది కూడా ఉండకపోవచ్చు. ఆ చుక్క పేరు హర్డ్ ద్వీపం.

విశాఖపట్నం రేవులో గోడను తాకే నీరు, ఆ ద్వీపపు తీరాన్ని మోదే నీరు ఒకే మహాసముద్రానివి. అయినా అంత దూరపు ద్వీపం సంగతి మనకెందుకు అని పాఠకులు అడగవచ్చును. 2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం దేశదేశాల సరుకుల మీద సుంకాల పట్టిక ప్రకటించినప్పుడు, ఆ పట్టికలో హర్డ్, మెక్‌డొనాల్డ్ ద్వీపాల పేరు కూడా ఉన్నది. సుంకం నూటికి పది. అక్కడ ఉన్నవి పెంగ్విన్ పక్షులు, సీళ్లు, మనుషులు లేరు. ఎవరి మీద ఈ సుంకం అని లోకమంతా నవ్వుకున్నది. నవ్వులో ఒక నిజం మరుగున పడింది. మనుషులు లేని చోటుకు కూడా పేరు ఉన్నది. ఆ చోటికే కాదు, అక్కడి కొండకు, వాగుకు, ఇసుక దిబ్బకు, మంచు ముద్దకు కూడా వేరువేరు పేర్లున్నవి. పిలిచేవారే లేనిచోట ఇన్ని పేర్లు ఎందుకు పుట్టినవి? వాటి వల్ల ఏమి ఒరిగింది? ఆ ద్వీపంలోని ఒక్క హిమానీనదాన్ని తీసుకొని ఈ ప్రశ్నకు జవాబు వెదకుదాము.

నిప్పు మీద మంచు

హర్డ్ ద్వీపం వైశాల్యం సుమారు 368 చదరపు కిలోమీటర్లు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి నైరుతిగా నాలుగువేల కిలోమీటర్ల దూరంలో ఉన్నది. 1947 నుండి ఆస్ట్రేలియా అధీనంలో ఉన్నది. ద్వీపమంటే నిజానికి ఒకే ఒక కొండ. ఆ కొండ పేరు బిగ్ బెన్, దాని కొసన ఉన్న శిఖరం పేరు మాసన్ శిఖరం. ఎత్తు 2,745 మీటర్లు. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలోని ఏ కొండా ఇంత ఎత్తు లేదు. పైగా ఇది చల్లారని అగ్నిపర్వతం. 2016 ఫిబ్రవరిలో ఆ దారిన వెళ్లిన ఒక పరిశోధన నౌకలోనివారు శిఖరం నుండి లావా జారటం కళ్లారా చూశారు.

లోపల నిప్పు, పైన మంచు. పడమటి నుండి వీచే గాలులకు వేల కిలోమీటర్ల పొడుగున అడ్డం లేదు. అవి సముద్రపు తడిని మోసుకొని వచ్చి ఈ కొండకు కొట్టుకొని, మంచుగా కుమ్మరిస్తాయి. సముద్రమట్టం దగ్గర నెలసరి ఉష్ణోగ్రత సున్నా నుండి నాలుగు డిగ్రీల మధ్యనే ఉంటుంది. కొండ మీద పడిన మంచు కరగటానికి తీరిక లేదు. ఒక ఏడాది మంచు మీద మరొక ఏడాది మంచు పేరుకొని, బరువుకు గట్టిపడి, చివరకు తన బరువుకు తానే వాలు వెంట జారుతుంది.

అదే హిమానీనదం. ఇది చక్కని మాట. సంస్కృతంలో ‘హిమాని’ అంటే మంచు ప్రోగు. దానికి ‘నదం’ చేర్చి మనవారు గ్లేసియర్‌కు పేరు కట్టారు. చూడటానికి బండరాయిలా కదలక మెదలక ఉన్నా అది ప్రవాహమే అని ఆ పేరే చెబుతున్నది. నదికి ఎగువ, దిగువ ఉన్నట్లే దీనికీ ఉన్నవి. ఎగువన కొత్త మంచు చేరుతుంది, దిగువన కరిగి, విరిగి పోతుంది. రాబడి ఎక్కువైతే నది ముందుకు సాగుతుంది. ఖర్చు ఎక్కువైతే వెనక్కు తగ్గుతుంది. సంసారం నడిపేవారికి ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు.

బిగ్ బెన్ ఒళ్లంతా ఇటువంటి మంచు నదులే. తూర్పు వాలున బ్రౌన్ హిమానీనదం, దానికి దక్షిణాన స్టీవెన్‌సన్ హిమానీనదం, ఇంకా నైరుతికి విన్‌స్టన్ హిమానీనదం వరుసగా ఉన్నవి. మన కథ నడుమనున్న స్టీవెన్‌సన్‌ది. ద్వీపంలోని పెద్ద హిమానీనదాలలో అది ఒకటి. 1947లో అది కొండ మీది నుండి దిగి దాదాపు సముద్రపు ఒడ్డు వరకు పరచుకొని ఉండేది.

ముందు వచ్చినవారు, ముందుపడ్డ పేర్లు

ఈ ద్వీపానికి ఆదివాసులు లేరు. ప్రపంచంలో చాలాచోట్ల దొరలు పేరు పెట్టినప్పుడు అక్కడివారి పాత పేరు ఒకటి మరుగున పడింది. ఎవరెస్టుకు ముందు ఆ కొండకు టిబెట్టువారి పేరు ఉన్నది. ఆస్ట్రేలియాలో అయర్స్ రాక్ అని రాసుకున్న బండకు ఉలూరు అనే పేరు ఎప్పటి నుండో ఉన్నది. హర్డ్ ద్వీపంలో అటువంటి అన్యాయం జరగటానికి అవకాశమే లేదు. అక్కడ మనిషి నోట వెలువడిన మొదటి పేరే ఇప్పటి పేర్ల చరిత్రకు మొదలు.

1853 నవంబరు 25న జాన్ హర్డ్ అనే అమెరికా కప్తాను, ‘ఓరియంటల్’ అనే ఓడలో బోస్టన్ నుండి మెల్‌బోర్న్ పోతూ ఈ ద్వీపాన్ని చూశాడు. చూశాడే కాని దిగలేదు. దిగకుండానే ఆయన పేరు ద్వీపానికి అంటుకున్నది. నేల మీద మొదట కాలు మోపినవారు సీళ్ల వేటగాళ్లు. 1855లో ‘కొరింథియన్’ ఓడ కప్తాను ఎరాస్మస్ డార్విన్ రోజర్స్ తన మనుషులను దింపాడు. తరువాతి పాతికేళ్లలో ఆ తీరాన ఏనుగు సీళ్లను చంపి, కొవ్వు కాచి, లక్ష పీపాలకు పైగా నూనె తీశారు. 1874లో బ్రిటిష్ పరిశోధన నౌక ‘చాలెంజర్’ అటు వెళ్లినప్పుడు నలభై మంది దాకా వేటగాళ్లు ద్వీపం మీద ఉన్నారని తెలిసింది. గాలికి ఎగిరిపోకుండా సగం భూమిలోకి దించిన గుడిసెలలో వారు కాపురముండేవారు.

వారు విడిచిన పేర్లు కొన్ని పటంలో మిగిలినవి. కొరింథియన్ ఓడ పేర ఒక అఖాతం ఉన్నది. నూనె పీపాల పేర ఒక కొన ఉన్నది. మేరీ పావెల్ అనే పేరు విని ఎవరో దొరసాని అనుకుంటాము. అది ఒక వేట ఓడ పేరు, ఇప్పుడు ఒక హిమానీనదం పేరు. ఓడలకు దక్కిన ఈ గౌరవం ఓడలోని కూలీలకు దక్కలేదు. ఆ మంచుగోడల కింద నాలుగు చలికాలాలు గడిపిన వేటగాడి పేరు కంటె, నాలుగు గంటలు లంగరు వేసిన ఓడ పేరే పటానికి సులభంగా ఎక్కింది. పేర్ల పుస్తకం కూడా ఒక్కొక్కప్పుడు జమీందారీ దస్తావేజు వంటిదే. దున్నినవాడి పేరు అందులో వెదికితే కనబడదు.

1902 ఫిబ్రవరిలో ‘గౌస్’ నౌకలో జర్మనులు వచ్చారు. నాయకుడు ఎరిక్ ఫాన్ డ్రిగాల్‌స్కీ. వారు ద్వీపంలో ఉన్నది స్వల్పకాలమే అయినా పేర్లు గట్టిగానే పెట్టారు. ఓడలోని రెండవ అధికారి రిషార్డ్ ఫాజెల్ పేరు పడమటి వైపు హిమానీనదానికి వచ్చింది. ఓడ వైద్యుడు గాజెర్ట్ పేరు ఒక అగ్రానికి వచ్చింది. బిగ్ బెన్‌కు తమ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్ పేరు పెట్టి చూశారు. చక్రవర్తి పేరు నిలవలేదు. ఓడ అధికారి పేరు నిలిచింది. ఆ ఫాజెల్ 1912లో మరొక దక్షిణధ్రువ యాత్రలో, ఓడ మంచులో చిక్కుకొని ఉండగా మరణించాడు. చక్రవర్తి సింహాసనం 1918లో పోయింది.

శిబిరంలోని మనుషులు

1947 డిసెంబరులో ఆస్ట్రేలియావారు అట్లాస్ కోవ్ అనేచోట శిబిరం వేశారు. 1955 మార్చి వరకు అక్కడ మనుషులు ఏడాదికి ఒక జట్టుగా మారుతూ నివసించారు. వాతావరణం నమోదు చేయటం, పటం గీయటం, పక్షులను లెక్కించటం వారి పని. పటం గీసేవారికి మొదటి చిక్కు పేర్లతోనే వచ్చింది. ‘తూర్పు మంచు’, ‘దాని పక్క మంచు’ అని రాసుకుంటే మరుసటి ఏడు వచ్చే జట్టుకు ఏది ఏదో తెలియదు. గాలివానలో దారి తప్పిన సహచరుడు ఎటు వెళ్లాడో రేడియోలో చెప్పాలంటే పేరు ఉండి తీరాలి. అక్కడ పేరు అలంకారం కాదు, ప్రాణాలకు సంబంధించిన వ్యవహారం.

అందుచేత శిబిరంలోని మనుషుల పేర్లే మంచు నదుల మీదికి ఎక్కినవి. 1948 జట్టు నాయకుడు, వాతావరణ శాస్త్రజ్ఞుడు గాట్లీ. జీవశాస్త్రజ్ఞులు ఈలీ, డౌన్స్, బ్రౌన్. వీరందరి పేర హిమానీనదాలున్నవి. రాజులు కారు, మంత్రులు కారు. జీతానికి వచ్చి, చలిలో పనిచేసి, ఇంటికి వెళ్లినవారు. వేటగాళ్లకు దక్కనిది వీరికి దక్కింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం 1952లో దక్షిణధ్రువ ప్రాంతపు పేర్ల కోసం ప్రత్యేకంగా ఒక సంఘాన్నే ఏర్పరచింది. తోచినవాడు తోచినట్లు పేరు పెట్టే రోజులు అంతటితో పోయినవి.

ఇంటికి వెళ్లనివారు కూడా ఇద్దరున్నారు. 1952 మే నెలలో ముగ్గురు మనుషులు మంచుగోడ కింద సముద్రతీరం వెంట నడుస్తుండగా పెద్ద అల వచ్చిపడింది. హోజసన్ సముద్రంలో పోయాడు. తడిసిన బట్టలతో మంచు మీదికి ఎక్కిన ఫోర్బ్స్ చలికి ప్రాణం విడిచాడు. మూడవవాడు ఒంటరిగా శిబిరానికి చేరి కబురు చెప్పాడు. ఆ ఇద్దరి పేర్లూ హిమానీనదాలకే పెట్టారు. కాని ఈ ద్వీపంలో కాదు, ఇంకా దక్షిణాన అంటార్కిటికా ఖండం మీద. తామెన్నడూ చూడని తీరాన వారి పేర్లు మంచు మీద ఉన్నవి.

స్టీవెన్‌సన్ ఎవరు?

ఇక మన హిమానీనదానికి వద్దాము. ఫిలిప్ జాన్ స్టీవెన్‌సన్ ఆస్ట్రేలియా భూవిజ్ఞాన శాస్త్రజ్ఞుడు. 1957–58లో వివియన్ ఫుక్స్ నాయకత్వాన అంటార్కిటికా ఖండాన్ని ఈ కొస నుండి ఆ కొసకు దాటిన జట్టులో ఉన్నాడు. ఆ యాత్రలో ఆయన, కెన్ బ్లైక్‌లాక్ కలిసి కుక్కల బండ్లతో దక్షిణధ్రువం చేరారు. 1911లో అముండ్సెన్ తరువాత కుక్కలతో ధ్రువం చేరినవారు వీరే.

1963లో స్టీవెన్‌సన్ హర్డ్ ద్వీపానికి వచ్చాడు. ఆయన, గ్రాహమ్ బడ్ అనే వైద్యుడు, వార్విక్ డీకాక్ అనే పర్వతారోహకుడు ముగ్గురూ బిగ్ బెన్ ఎక్కటానికి బయలుదేరారు. అప్పటికి ఆ శిఖరం మీద మనిషి కాలు పడలేదు. కాని తుపాను వారిని మంచులోనే నిలవేసింది. మంచులో గుహలు తవ్వుకొని తలదాచుకొని, ప్రాణాలతో దిగటమే మేలనుకొని వెనుదిరిగారు. డీకాక్, బడ్ పట్టు విడవలేదు. మరో ముగ్గురిని కలుపుకొని ‘పటనేలా’ అనే తెరచాప ఓడ మీద మళ్లీ వచ్చి, 1965 జనవరి 25న శిఖరం చేరారు. ఆ ఓడకు కప్తాను సుప్రసిద్ధ పర్వతారోహకుడు టిల్‌మన్. ఆ అయిదుగురిలో స్టీవెన్‌సన్ లేడు.

శిఖరం ఎక్కిన డీకాక్ పేర ద్వీపంలో ఒక హిమానీనదం ఉన్నది. ఎక్కలేక తిరిగి వచ్చిన స్టీవెన్‌సన్ పేర కూడా ఒకటి ఉన్నది. పేర్లు పెట్టినవారు గెలుపును మాత్రమే కొలవలేదన్నమాట. ఆ కొండ రాళ్లను చదివినవాడు, ఆ మంచులో నడిచినవాడు, అంతే చాలునన్నారు. ఆయన తరువాత ఆస్ట్రేలియాలోనే విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞానం బోధిస్తూ గడిపాడు.

పేరు మిగిలింది, మంచు తగ్గింది

మనిషి పేరు ఒక హిమానీనదానికి పెట్టడంలో ఒక నమ్మకం ఉన్నది. మనిషి పోతాడు, మంచు ఉంటుంది, కాబట్టి పేరు ఉంటుంది అని. హర్డ్ ద్వీపంలో ఆ నమ్మకం తలకిందులైంది.

మొదట బ్రౌన్ హిమానీనదం సంగతి చూడండి. 2000–01లోను, 2003–04లోను పరిశోధకులు అక్కడ దిగి కొలిచారు. 1947 నాటి పటంతో పోల్చగా దాని కొస కిలోమీటరుకు పైగా వెనక్కు పోయింది. వైశాల్యంలో నూటికి 29 వంతులు, మంచు పరిమాణంలో నూటికి 38 వంతులు తరిగింది. తరువాత ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 1947 నాటి పటాన్ని 1988, 2019 నాటి ఉపగ్రహ చిత్రాలతో సరిచూసి, ద్వీపమంతటి లెక్క తీసి 2025లో ప్రకటించారు. 1947లో ద్వీపం మీద మంచు సుమారు 289 చదరపు కిలోమీటర్లు. 1988కి 260. 2019కి 226. అంటే ఒక మనిషి ఆయుర్దాయమంత కాలంలో అయిదో వంతుకు మించి పోయింది. మొదటి నలభై ఏళ్లలో పోయినదాని కంటె తరువాతి ముప్ఫై ఏళ్లలో పోయినదే ఎక్కువ. ఈ కాలంలో అక్కడి ఉష్ణోగ్రత పెరిగినది ఒక డిగ్రీ కూడా కాదు, 0.7 డిగ్రీలు మాత్రమే.

అన్నిటి కంటె ఎక్కువ దూరం వెనక్కు తగ్గినది స్టీవెన్‌సన్ హిమానీనదం. దాని కొస ఆరు కిలోమీటర్లకు కొంచెం తక్కువగా కొండ వైపు జరిగిపోయింది. అది ఖాళీ చేసిన పల్లంలో నీరు నిలిచి పెద్ద మడుగు ఏర్పడింది. మడుగు ఏర్పడితే మంచుకు రెండో శత్రువు తయారైనట్లే. పైనుండి గాలి వెచ్చదనం కరిగిస్తుంది. కిందనుండి నీరు మంచు పాదాన్ని తొలుస్తుంది. ఆధారం పోయిన గడ్డలు విరిగి నీటిలో పడతాయి. మంచు వెనక్కు జరిగిన కొద్దీ మడుగు పెద్దదవుతుంది, మడుగు పెద్దదైన కొద్దీ మంచు వెనక్కు జరుగుతుంది.

ఆ మడుగుకు కూడా పేరు కావలసి వచ్చింది. దాని పేరు స్టీవెన్‌సన్ మడుగు. మంచుకు పెట్టిన పేరు నీటికి వారసత్వంగా వచ్చింది. చెరువు పూడిపోయినా పేటకు చెరువు పేరు మిగలటం ఎరిగిన మనకు ఇది పూర్తిగా కొత్త కాదు. కాని అక్కడ చెరువు ఎలా ఉండేదో చెప్పటానికి ముసలివారు ఎవరో ఒకరుంటారు. ఇక్కడ చెప్పేవారు లేరు. చెప్పగలిగినది పటం ఒక్కటే.

మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతున్నది. ఊరి పేరు, మనిషి పేరు పిలవటానికి. హర్డ్ ద్వీపంలోని పేర్లు గుర్తు పెట్టుకోవటానికి. 1947లో ఒకరు ఒక గీత గీసి ఇది ఈ మంచు హద్దు అన్నారు. తరువాత మరొకరు ఆ మంచుకు పేరు పెట్టారు. 2019లో ఇంకొకరు అదే పేరు కింద మరొక గీత గీశారు. ముగ్గురూ ఒకరినొకరు ఎరుగరు. వారిని కలిపినది ఆ ఒక్క పేరు. అది లేకపోతే రెండు గీతల మధ్య ఆరు కిలోమీటర్ల ఖాళీ ఎవరికీ కనబడేది కాదు; ఎక్కడో దక్షిణ సముద్రంలో మంచు తగ్గిందట అని చెప్పుకొని ఊరుకొనేవాళ్లము.

ఆ ద్వీపంలో పొగ వదిలే ఫ్యాక్టరీ లేదు, మోటారు లేదు, పొయ్యి కూడా లేదు. అక్కడి మంచును కరిగించిన వెచ్చదనం మనుషులున్న చోట్ల నుండి వెళ్లినదే. సుంకాల పట్టికలో ఆ ద్వీపం పేరు చూసి నవ్వుకున్నాము. దాని పేరు ఉండవలసిన పట్టిక వేరే ఉన్నది. మనవల్ల నష్టపోయినవారి పట్టికలో హర్డ్ ద్వీపాన్ని, అందులో ముందుగా స్టీవెన్‌సన్ హిమానీనదాన్ని రాసుకోవాలి.